సొమ్ముకు గోత్రం



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన పూర్తి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. మనందరికీ ఆయన రైటరుగారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, వేపచెట్టు కింద రేకుల షెడ్డులో, ఏటవాలు డెస్కు ముందు బాసింపట్టు వేసుకుని నలభై ఏళ్ళు దస్తావేజులు రాశారు. సీఏ చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా నేను ఆ షెడ్డులో బెంచీ మీదే ఉండేవాణ్ణి. మూడేళ్ళ ఆర్టికల్స్‌లో అబ్బని విద్య అక్కడ అబ్బింది.

పొలం అమ్మకానికి ఎవరొచ్చినా రైటరుగారు ముందు ధర అడిగేవారు కాదు. "నీకెలా వచ్చింది?" అనేవారు.

"మా నాన్న ఇచ్చాడండి."

"ఆయనకెలా వచ్చింది?"

"కొన్నాడండి."

"ఎవరి దగ్గర? ఆ కాగితం ఏదీ?"

అలా లింకు దస్తావేజులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, తాకట్టు లేదని చూపే ఈసీ పక్కన పెట్టుకుని, అప్పుడు కలం తీసేవారు. ఎక్కడన్నా లింకు తెగిందా, కలానికి మూత పెట్టేసి కాఫీకి లేచేవారు. ఇక ఆ రోజుకి ఆ బేరం లేనట్టే.

వ్యాపారులుగా, పెట్టుబడిదారులుగా పరాయి దేశానికి వలస వెళ్ళడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. పాస్‌పోర్టు కూడా లేని రైటరుగారికీ ఈ విషయానికీ ఏమిటి సంబంధం అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండాలి. నా బల్ల మీదికి వచ్చే అమెరికా ఫైళ్ళు చూస్తున్నప్పుడు నాకు ఆయన తప్ప ఇంకెవరూ గుర్తుకు రారు. ఎందుకో చెబుతాను, కాస్త చుట్టు తిరిగి వస్తాను.

డబ్బుతో వెళ్ళిన వలస, ఒళ్ళు నమ్ముకుని వెళ్ళిన వలస వేరువేరని మన చరిత్రకు మొదటినుంచీ తెలుసు. 1860లో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ ఆ ఏడు నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన మొదటి గిరిమిటియాలు, అంటే ఒప్పంద కూలీలు, అందులో ఉన్నారు. తమిళులతో పాటు మనవాళ్ళూ ఆ దారినే వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. ఆ తరవాత పది పదిహేనేళ్ళకు గుజరాత్ వర్తకులు సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని అదే రేవులో దిగడం మొదలుపెట్టారు. వాళ్ళను 'ప్యాసింజర్ ఇండియన్లు' అన్నారు. 1893లో గాంధీని వకీలు పని మీద పిలిపించుకున్న దాదా అబ్దుల్లా కొట్టు ఆ బాపతే. ఒకే దేశం నుంచి వచ్చినవాళ్ళలో ఒకరికి నంబరు, ఇంకొకరికి టిక్కెట్టు.

మనకు ఇంకా దగ్గరిది రంగం, అంటే రంగూన్. కాకినాడ నుంచీ విశాఖ నుంచీ స్టీమరెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు. 1930 మేలో అక్కడ జరిగిన పెద్ద అల్లర్లు తెలుగు రేవు కూలీల సమ్మె దగ్గరే అంటుకున్నాయి. అదే ఊళ్ళో చెట్టియార్లు చాప మీద కూర్చుని వడ్డీ వ్యాపారం చేశారు. దిగువ బర్మాలో వరి పండే ముఖ్యమైన జిల్లాల్లో 1930 నాటికి నూటికి ఆరు వంతుల భూమి వాళ్ళ చేతిలో ఉంటే, ఆ దశాబ్దం చివరికి పాతిక వంతులైంది. వాళ్ళు కోరి కొన్నది కాదు. ధాన్యం ధర కుప్పకూలి, బాకీ తీర్చలేని రైతు పొలం వదిలేసుకుంటే వచ్చి పడింది. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కూలీలు అడవులకు అడ్డంపడి నడిచి వచ్చారు. చెట్టియార్లు మనుషులుగా వచ్చేశారు గానీ పెట్టుబడి అక్కడే ఉండిపోయింది. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక ఆ భూములు జాతీయం చేశారు. మనిషి కదిలినంత సులువుగా సొమ్ము కదలదు. ఇవాళ్టి పెట్టుబడి వీసాల కథ ఈ ముక్క దగ్గర మొదలవుతుంది.

ఇక అమెరికా. అక్కడి కాంగ్రెసు 1990లో చేసిన వలస చట్టంలో ఉద్యోగాల కోటా కింద అయిదో తరగతి ఒకటి పెట్టారు. అదే ఈబీ-5. పది లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి పదిమందికి పూర్తికాలం ఉద్యోగం చూపిస్తే భార్యకూ, 21 ఏళ్ళ లోపు పిల్లలకూ కలిపి గ్రీన్‌కార్డు. పల్లెటూరి ప్రాంతమో, నిరుద్యోగం ఎక్కువున్న చోటో అయితే అందులో సగం చాలు. చాలాకాలం ఆ అయిదు లక్షలే నడిచింది. 2019 నవంబరులో తొమ్మిది లక్షలకు పెంచారు, 2021 జూన్‌లో కోర్టు ఆ పెంపును కొట్టేసింది, 2022 మార్చిలో కొత్త చట్టం వచ్చి ఎనిమిది లక్షల దగ్గర నిలబెట్టింది. మామూలు ప్రాంతమైతే పదిన్నర లక్షలు. ముందు ఇచ్చేది రెండేళ్ళ షరతు కార్డు. ఉద్యోగాలు వచ్చాయని రుజువు చేస్తే షరతు తీసేస్తారు.

మీరు పెట్టుబడిదారు అనగానే కొట్టు తెరిచి కొబ్బరికాయ కొట్టే మనిషిని ఊహించుకుంటారు. ఈబీ-5లో ఎక్కువమంది చేసేది అది కాదు. రీజనల్ సెంటర్ అనే సంస్థ ఒకటి ఉంటుంది. అది వందమంది దగ్గర డబ్బు పోగుచేసి ఏ హోటలుకో, అపార్టుమెంట్లకో అప్పిస్తుంది. ఆ పదిమంది ఉద్యోగుల్లో తొమ్మిది మంది దాకా ఆర్థికవేత్త లెక్కల్లో మాత్రమే కనిపించవచ్చు. ఫలానా ఇన్ని కోట్ల డాలర్ల సిమెంటు, ఇనుము, కూలి ఖర్చయితే పరోక్షంగా ఇన్ని ఉద్యోగాలు పుడతాయని ఒక సూత్రం ఉంది, దాన్ని చట్టం ఒప్పుకుంటుంది.

మా జిల్లా పెద్దమనిషి ఒకాయన అల్లుడి తరఫున నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. నూటికి రెండు రూపాయల ధర్మవడ్డీకి అప్పులిచ్చి పైకొచ్చిన మనిషి.

"వడ్డీ ఎంతిస్తారు?"

"దాదాపు ఏమీ రాదండి. ఏడాదికి నూటికి రూపాయి కూడా గట్టిగా చెప్పలేం."

"ఏడాదికా!" అని ఆగి, "పోనీ, అసలు?" అన్నాడు.

"అసలు తిరిగిస్తామని రాసిస్తే వీసా రాదు. పోయే ప్రమాదం ఉంటేనే దాన్ని పెట్టుబడి అంటారు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే ఇది అప్పు కాదు, వ్యాపారం కాదు, కట్నం" అన్నాడు. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో ఈబీ-5కు ఇంతకన్నా మంచి నిర్వచనం నేను వినలేదు.

పోయే ప్రమాదం అన్నది కాగితం మీది మాటే అనుకోకండి. వర్మాంట్ రాష్ట్రంలో జే పీక్ అని మంచు మీద జారే ఆటల రిసార్టు ఉంది. దాని పేరిట 74 దేశాల వాళ్ళ దగ్గర 35 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశారు. 2016 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ కేసు పెట్టింది. అందులో 20 కోట్ల డాలర్లకు పైగా దారి మళ్ళిందని ఆరోపణ. నడిపినవాళ్ళకు 2022లో జైలు శిక్షలు పడ్డాయి. పక్కనే న్యూపోర్టు అనే చిన్న ఊళ్ళో ఇదే డబ్బుతో కొత్త భవనాలు కడతామని నడిబజారులో కొన్ని పాత కట్టడాలు పడగొట్టారు. కేసు వచ్చాక ఆ గొయ్యి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ఎక్కడెక్కడి తండ్రులో పంపిన సొమ్ముకు గుర్తుగా ఊరి మధ్య ఒక గొయ్యి. 2022 చట్టంలో తనిఖీలు గట్టి చేయడానికి ఇలాంటి గోతులే కారణం.

మరి నిజంగా కొట్టు పెట్టాలనుకున్నవాడి సంగతి? వాడికి అమెరికాలో ఈ-2 అని వేరే వీసా ఉంది. కనీస మొత్తం అంటూ ఏదీ లేదు. వ్యాపారానికి తగినంత పెట్టి, తానే నిలబడి నడుపుకోవాలి. ఒక ఇడ్లీ హోటలుకు చక్కగా సరిపోతుంది. కాకపోతే అది ఆ దేశంతో వాణిజ్య ఒప్పందం ఉన్నవాళ్ళకే. పాకిస్తాన్‌కు ఉంది, శ్రీలంకకు ఉంది, బంగ్లాదేశ్‌కు ఉంది. మనకు లేదు. కరీబియన్ దీవి గ్రెనడాకు ఉంది గనక అక్కడి పౌరసత్వం కొనుక్కుని ఆ దారిన రావచ్చని కొంతకాలం ఏజెంట్లు ఊదరగొట్టారు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అంటే గుంటూరు మనిషి ముందు గ్రెనడా మనిషి అయిపోవాలి. 2022 చివర్లో అమెరికా ఆ తలుపూ సగం మూసింది. పౌరసత్వం కొనుక్కున్నవాళ్ళు ఆ దేశంలో మూడేళ్ళు కాపురముండి రావాలంది.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన కుర్రాడు హోటల్లో వాటా పెట్టుకోవచ్చు గానీ కౌంటర్లో కూర్చోకూడదు. సొంత కంపెనీ ద్వారా తనకే హెచ్-1బీ వేసుకునే దారిని 2025 జనవరిలో వచ్చిన నిబంధన కాస్త స్పష్టం చేసింది. అయితే ఆ పని డిగ్రీ కావలసిన ప్రత్యేక వృత్తి అయి ఉండాలి. ఇడ్లీ పిండి రుబ్బడం ఆ జాబితాలోకి రాదు, మా అమ్మ వింటే ఒప్పుకోదు గానీ.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 2015 మే నుంచి, గ్రీన్‌కార్డు ప్రయత్నం ఒక దశ దాటిన హెచ్-1బీ ఉద్యోగుల భార్యలకు పనిచేసుకునే అనుమతి ఇచ్చారు. హెచ్-4 ఈఏడీ అంటారు. ఆ కార్డు మీద ఉద్యోగమే చేయాలని లేదు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. డాలస్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇవాళ మీరు చూసే పచ్చళ్ళ వ్యాపారాలు, చీరల షాపులు, డేకేర్‌లు, కేటరింగులు ఎన్నో ఆ కార్డు మీద మొదలైనవే. భర్త రాత్రి వచ్చి ఉల్లిపాయ బస్తాలు దించుతాడు, యజమాని మాత్రం ఆవిడ. మన పల్లెటూళ్ళలో భర్త పేరున లైసెన్సు పెట్టుకుని భార్య కిరాణా కొట్టు నడిపేది. అక్కడ తిరగబడింది. తెలుగు వ్యాపారుల అసలు వలస ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. దానికి పెట్టుబడి వీసా అని ఎవరూ పేరు పెట్టలేదు. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చే ఆ కార్డు రెన్యూవల్ ఆలస్యమైతే కొట్టు షట్టరు దించుకోవలసిందే.

మిగతా దేశాల గురించి రెండు ముక్కలు. కెనడా 1986లో పెట్టుబడిదారులకు తలుపు తెరిచింది. ప్రభుత్వానికి అయిదేళ్ళు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టుగా నడిచి, 2014లో మూతపడింది. బ్రిటన్ 20 లక్షల పౌండ్ల వీసాను 2022 ఫిబ్రవరిలో ఎత్తేసింది. పోర్చుగల్ ఇల్లు కొంటే ఇచ్చే పద్ధతి 2023లో ఆపింది, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మొత్తానికే ఆపింది. వీటన్నిటికీ ఎదురు దిశలో 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు 'గోల్డ్ కార్డు' ప్రకటించారు. పది లక్షల డాలర్లు ఖజానాకు కానుకగా ఇవ్వాలి. పెట్టుబడి అన్న మాట కూడా లేదు. మా జిల్లా పెద్దమనిషి ఇది వింటే తన నిర్వచనం గెలిచిందనుకుంటాడు.

మళ్ళీ ఈబీ-5 దగ్గరికి వద్దాం. వడ్డీ లేదు, అసలుకు పూచీ లేదు, అయినా ఎందుకు పెడతారు? క్యూ కోసం. ఉద్యోగాల కోటాలో ఏ దేశానికైనా నూటికి ఏడు వంతులే. ఆ లెక్క పుట్టిన దేశాన్ని బట్టి కడతారు. ఇండియాలో పుట్టిన ఇంజినీరు వంతు రావడానికి పదేళ్ళు పైగా పడుతుంది. ఈలోగా చిన్నప్పుడు చంకనెత్తుకుని తీసుకెళ్ళిన పిల్ల 21 దాటితే ఆమె వాళ్ళ దరఖాస్తులోంచి జారిపోతుంది. 2022 చట్టం పల్లె ప్రాంతాల ప్రాజెక్టులకు నూటికి ఇరవై వీసాలు విడిగా కేటాయించింది. అక్కడ పెడితే క్యూ పొట్టిది. పిటిషను పెండింగులో ఉన్నంతకాలం బిడ్డ వయసులోంచి ఆ రోజులు తీసేస్తారు. కాబట్టి తల్లిదండ్రులు కొనేది కాలం. అది తెలిశాక నాకు వాళ్ళ మీద నవ్వు రాదు.

ఇప్పుడు రైటరుగారి దగ్గరికి వస్తాను.

ఈబీ-5 పిటిషనులో సగం బరువు ఒక్క ప్రశ్నది. ఈ డబ్బు నీకెలా వచ్చింది? జీతమైతే పన్ను రిటర్నులు చూపాలి. నాన్న ఇచ్చాడంటే, ఆయనకెలా వచ్చింది? పొలం అమ్మాడంటే, ఆ పొలం ఆయనకెలా వచ్చింది? అమ్మిన డబ్బు ఏ బ్యాంకులో పడింది, ఏ రోజు ఏ ఖాతాకు కదిలింది, ఏ రోజు సముద్రం దాటింది? పెళ్ళి సంబంధానికి గోత్రం అడిగినట్టు సొమ్ముకు గోత్రం అడుగుతారు. మొదటిసారి అమెరికా లాయరు పంపిన ప్రశ్నల పట్టిక చదువుతుంటే వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నట్టే అనిపించింది.

మన సొమ్ము ఈ పరీక్షకు తట్టుకోదు. దొంగసొమ్ము సంగతి పక్కన పెడతాను. నిజాయితీగా సంపాదించిన దానికే కాగితం ఉండదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి మిర్చి వేసి కోట్లు చూసిన రైతుకు ఒక్క ఏడాది రిటర్ను కూడా ఉండకపోవచ్చు. మార్కెట్ యార్డు పట్టీలు ఎవరు దాచుకుంటారు? చెదలు తిన్న అడంగల్ కాపీలూ, పట్టాదారు పాసు పుస్తకమూ, కొన్ని బంగారు రుణాల రసీదులూ తెస్తారు. చిత్రమేమిటంటే, ఎగ్గొట్టడం తెలిసినవాడి దగ్గర కాగితాలు ముత్యాల్లా ఉంటాయి.

ఒక కుటుంబం గురించి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు లేకుండా. భార్యాభర్తలిద్దరూ డాలస్ వైపు ఉద్యోగులు, కూతురికి అప్పుడు పద్ధెనిమిది నిండాయి. ఎనిమిది లక్షల డాలర్లలో అయిదు లక్షలు తమ పొదుపు, కంపెనీ షేర్లు, ఇంటి మీద అప్పు. మిగతా మూడు లక్షలు ఇక్కడి నుంచి రావాలి. భర్త తండ్రి బైపాసు దగ్గర రెండెకరాలు అమ్మాడు. బేరం రెండు కోట్ల నలభై లక్షలు. దస్తావేజులో రాసింది అరవై లక్షలు. తక్కింది సంచుల్లో వచ్చింది. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలూ, అంతకు పైన నగదు పుచ్చుకోకూడదని 2015 నుంచి చట్టం ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, కొన్నవాడికీ తెలుసు, కొంతమేర నాకూ తెలుసు. "అందరూ అంతేగా బాబూ" అన్నాడు. అబద్ధం కాదు.

అప్పట్లో డాలరు 85 రూపాయలు. నిజం రాసుకుని ఉంటే ఆ పొలం రెండు లక్షల 80 వేల డాలర్లు. రాసింది డెబ్బై వేలు. ఒక్క సంతకంతో రెండు లక్షల పదివేల డాలర్లు అమెరికా కంటికి కనపడకుండా పోయాయి. ఆ సంచులు ఇంట్లోనే ఉన్నాయి. వాటితో ఇక్కడ ఇంకో స్థలం కొనుక్కోవచ్చు, మనవరాలి దరఖాస్తుకు మాత్రం రూపాయి పనికిరాదు. చివరికి తల్లి పేరున హైదరాబాదులో ఉన్న ఫ్లాటు అమ్మారు. ఈసారి రెండున్నర కోట్లూ చెక్కుల్లో.

పంపడం ఇంకో యజ్ఞం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లే బయటికి పంపగలడు. చాలామంది మార్చి ఆఖరి వారంలో ఒక ముక్క, ఏప్రిల్ మొదటి వారంలో ఇంకో ముక్క పంపుతారు. వీళ్ళు తల్లీ తండ్రీ విడివిడిగా, కొడుక్కి బహుమానంగా పంపారు. పది లక్షల రూపాయలు దాటినదానికి బ్యాంకు నూటికి ఇరవై చొప్పున టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. తల్లి పంపినదాని మీదే దాదాపు 37 లక్షలు. రిటర్ను వేస్తే, కట్టవలసిన పన్ను పోను, తిరిగి వస్తుంది. డెబ్బై ఏళ్ళ వయసులో ఆవిడ జీవితంలో మొదటి రిటర్ను వేసింది. "అమెరికా పిల్లకైతే పన్ను నాకెందుకు?" అని నన్ను అడిగింది. నా దగ్గర రెడీగా ఉన్న జవాబు ఆమెకు నచ్చలేదు.

ఫైలు దాదాపు పూర్తయిందనగా లాయరు ఇంకో ప్రశ్న పంపాడు. ఆ రెండెకరాలు తండ్రికి ఎలా వచ్చాయి? పెద్దాయన బీరువా అంతా వెతికి, పసుపు పచ్చని గుడ్డలో చుట్టిన కాగితం తెచ్చాడు. 1978 నాటి క్రయ దస్తావేజు. విప్పగానే ఆ చేతిరాత పోల్చుకున్నాను. 'ల' తోక కొంచెం పైకి లేపి తిప్పే అలవాటు ఆయనకు తప్ప ఎవరికీ లేదు. కింద మూలన రైటరుగారి సంతకం. ధర పూర్తిగా అంకెల్లో, అక్షరాల్లో, ముట్టిన తేదీలతో సహా.

దాన్ని ఇంగ్లీషు చేయడానికి హైదరాబాదులో ఒక అనువాదకురాలికి పంపాను. రెండు రోజుల తరవాత ఫోను చేశారు. హద్దుల్లో 'తూర్పు డొంక, పడమర బోదె' అని ఉందట, బోదె అంటే ఏమిటని. చెప్పాను. రాసుకున్నారు.

"ఇంకొకటండీ. 'మీ పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో' అని ఉంది. పుత్ర పౌత్ర అంటే కొడుకులూ మనవళ్ళే కదా? ఇక్కడ దరఖాస్తు మనవరాలి కోసం. అలాగే రాయనా?"

ఎలా ఉందో అలాగే రాయమన్నాను.